డబ్బాలో మెత్తబడ్డ వేపుడు

ఆ రోజుల్లో నాకు వచ్చిన వంటలు రెండే. ఒకటి నీళ్లు కాచడం, రెండోది కాచిన నీళ్లు చల్లార్చడం. (రెండోదే బాగా చేసేవాణ్ణి. మొదటిదాంట్లో గిన్నె మాడ్చిన కేసు ఒకటి నా మీద ఉంది.) తొమ్మిదో తరగతి సగంలో నేను బడిని వదిలేశానని మా ఇంట్లో చెప్పుకునేవాళ్లు. బడిని అడిగితే ఎవరు ఎవరిని వదిలించుకున్నారో ఇంకోలా చెబుతుంది. ఆ తర్వాత దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు పక్క సందులో, సెల్‌ఫోన్లకు కవర్లూ గ్లాసులూ వేసే చిన్న కొట్టులో పనికి కుదిరాను. గ్లాసు అతికించేటప్పుడు బుడగ రాకుండా ఉండాలంటే గిరాకీని నవ్విస్తూ ఉండాలని నా సిద్ధాంతం. నవ్వే మనిషి ఫోన్ వైపు చూడడు, చూడకపోతే బుడగ లేనట్టే. కోచింగులకు వచ్చిన పిల్లలు నా మాటలకు కడుపు పట్టుకుని నవ్వి, అన్నా నువ్వు ఇక్కడ ఉండాల్సినోడివి కాదు అనేవాళ్లు. అంత చదువుకున్నవాళ్లే అంటున్నారు కదా అని నేనూ నమ్మేశాను.

మన్సూరాబాద్‌లో ఒక ఇంటి కింది భాగంలో కిరాయికి ఉండేవాళ్లం, అమ్మ, నాయిన, నేను. నాయిన తాపీ మేస్త్రీ. నల్లగొండ దగ్గరి ఊరు విడిచి వచ్చిన నాటి నుంచి ఎల్బీనగర్ చుట్టుపక్కల లేచిన ఇళ్లల్లో చాలావాటికి గోడలు పెట్టిన చెయ్యి ఆయనది. మనిషి మాత్రం తను కట్టే గోడకన్నా తక్కువ మాట్లాడేవాడు. తెల్లారగానే తలకు తువ్వాల చుట్టి, మోపెడ్ ముందు సద్ది డబ్బా తగిలించుకుని, బడంగ్‌పేట్ అయితే బడంగ్‌పేట్, పెద్ద అంబర్‌పేట్ అయితే పెద్ద అంబర్‌పేట్, ఎక్కడ పని ఉంటే అక్కడికి పోయేవాడు. ఆ డబ్బాలోకి అమ్మ ఎక్కువగా చేసేది ఆలుగడ్డ వేపుడు, ఉల్లిగడ్డలు దండిగా వేసి. రాత్రికి పచ్చిపులుసో పప్పుచారో ఉండేది, ఆదివారమైతే కోడికూర. వేపుడు మాత్రం పొద్దుటి సద్దికే. నేను పొయ్యి పక్కన నిలబడి ఏదో ఒకటి వాగేవాణ్ణి, ఆమె విసుక్కుంటూనే నవ్వేది, ఆ నవ్వే సందులో కడాయిలోంచి కరకరలాడే ముక్కలు గుప్పెడు ఎత్తుకుని బయటపడేవాణ్ణి. మా తల్లీకొడుకుల మధ్య ఇది రోజువారీ దొంగతనం. దొంగకీ సొంతదారుకీ ఇద్దరికీ ఇష్టమే.

ఆ ఏడు వానాకాలంలో అమ్మకు జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నాం. దవాఖానలో చేర్చేటప్పుడు కూడా, స్ట్రెచర్ పక్కన నడుస్తూ, నీకు మొత్తానికి ఒక మంచం దొరికిందే అమ్మా, ఇంట్ల పండుమంటే పండవు అన్నాను. నవ్వింది. నా జోకుకు ఆమె నవ్వడం అదే కడసారి. దీని గురించి ఇంకా రాస్తే నా చెయ్యి ఆగదు కాబట్టి ఇక్కడే ఆపుతున్నాను. దినాలు అయిపోయాయి, చుట్టాలు ఊరికి బస్సెక్కారు, ఇంట్లో ఇద్దరు మగవాళ్లం మిగిలాం. ఒకడు మాట్లాడడు, ఇంకొకడు మాట్లాడడం ఆపడు. అయితే అప్పుడు ఆ రెండోవాడు కూడా జోకులు మానేశాడు.

నాయిన పనికి పోవడం మానేశాడు. గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటే ఎండ వచ్చినా అదే కుర్చీ, వాన వచ్చినా అదే కుర్చీ. అన్నం ముందు పెడితే రెండు ముద్దలు కెలికి, కడుపు నిండింది అనేవాడు. దినాలకు వచ్చిన మా మేనత్త ఉన్నన్నాళ్లూ మటన్ వండింది, తలకాయ కూర వండింది, ఆయనకు ఇష్టమని సర్వపిండి చేసింది. అన్నిటికీ అదే జవాబు, కడుపు నిండింది. దేనితో నిండిందో మాకు తెలుసు. చొక్కా భుజాల మీద హ్యాంగర్‌కు తగిలించినట్టు వేలాడసాగింది. ఒకరోజు కుర్చీలోంచి లేవబోయి కళ్లు తిరిగి గేటు పట్టుకున్నాడు. పరంజా మీద నిలబడి పనిచేసే మనిషి నేల మీద నిలబడలేకపోతున్నాడని అప్పుడు నాకు భయం వేసింది. ఒకరు పోయిన ఇంట్లోంచి ఇంకొకరు కూడా నా కళ్లముందే కొంచెం కొంచెంగా పోతున్నారనిపించింది. ఏం తింటవ్ నాయినా, ఏది గావాలంటే అది తెస్త అని మెయిన్ రోడ్డు హోటళ్ల పేర్లన్నీ చదివాను. "మీ అమ్మ చేసే ఆలుగడ్డ వేపుడు ఉంటే తినబుద్ధయ్యేది" అన్నాడు. అని, అడగరానిదేదో అడిగినట్టు మొహం అటు తిప్పుకున్నాడు.

సరే, ఆలుగడ్డలే కదా అనుకున్నాను. (జీవితంలో నేను దెబ్బతిన్న ప్రతిచోటా మొదలు ఈ 'కదా'తోనే.) ఆలుగడ్డలు కోసి, ఉల్లిగడ్డలు కోసి, నూనె, ఉప్పు, కారం, పసుపు అన్నీ ఒక్కసారే కడాయిలో పడేసి, త్వరగా ఉడుకుతుందని మూత కూడా పెట్టి, పక్కనే నిలబడి గంటెతో కలిపిందే కలిపాను. చివరికి తయారైన పదార్థం నాయినకు బాగా పరిచయమున్నదే, తాపీతో ఎత్తి ఇటుకల మధ్య పెట్టొచ్చు. ఆ వాసనకు పైఅంతస్తు నుంచి ఓనరమ్మ దిగి వచ్చింది. వాళ్లది భీమవరం వైపు, మా అమ్మకు మంచి జత. ఇద్దరూ మెట్ల మీద కూర్చుని, నువ్వు ఆలుగడ్డ అంటావు నేను బంగాళాదుంప అంటాను అని ఒకే కూర గురించి గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్లు. ఆవిడ కడాయిలోకి చూసి, "ఇదేం వేపుడయ్యా బాబూ, దీన్ని వేయించావా, ఓదార్చావా?" అంది. అమ్మ పోయాక మా ఇంట్లో ఎవరైనా నవ్వు పుట్టే మాట అనడం అదే మొదలు. నాకు నవ్వు రాబోయి, ఎటో తప్పిపోయి కళ్లలోకి వచ్చింది. ఆవిడ చూడనట్టే నటించి కొంగు దోపుకుంది.

ఆ మర్నాడు నాకు పాఠం మొదలైంది. బడిలో ఇలా చెప్పి ఉంటే నేను కలెక్టరునయ్యేవాణ్ణేమో. ముక్కలు చిన్నగా, అన్నీ ఒకే తీరుగా కోయాలి. కడిగి, పొడిగుడ్డ మీద ఆరబెట్టి, తడి అంతా పోయేలా ఒత్తాలి. కడాయి వెడల్పుగా ఉండాలి, నూనె బాగా కాగాలి, మూత అనే వస్తువు వంటింట్లో ఉందన్న సంగతే మరచిపోవాలి. ఊరికే కెలకకూడదు. ముక్కను కాసేపు దాని మానాన దాన్ని వదిలేస్తేనే రంగు తిరుగుతుంది. అది ఎర్రబడ్డాకే ఉల్లిపాయలు, ఉప్పూ కారం దించే ముందు. నేను గంటె పట్టుకున్నప్పుడల్లా ఆవిడ నా చేతిమీద ఒకటి వేసేది. ఒకనాడు మాడింది, ఒకనాడు పచ్చిగా మిగిలింది, ఒకనాడు ఉల్లిగడ్డలు బొగ్గులయ్యాయి. కొట్టుకు వచ్చిన గిరాకీలు, ఏంది అన్నా నీ దగ్గర పోపు వాసన వస్తుంది, ఫోన్‌కు కూడా తాలింపు పెడతావా అని అడిగారు. చివరికి ఒక పొద్దున కడాయిలో బంగారం తయారైంది. ముక్క నోట్లో వేసుకుంటే పక్కింటికి వినపడింది. ఉల్లిగడ్డ అంచులు ఎర్రగా, మధ్యలో తియ్యగా. ఓనరమ్మ ఒక ముక్క నమిలి, కళ్లు తుడుచుకుని, అచ్చం మీ అమ్మ చేసినట్టే ఉంది అంది. నాకూ అలాగే ఉంది. పొయ్యి పక్కన దొంగిలించిన ప్రతి గుప్పెడూ గుర్తుకు వచ్చింది.

కడాయి మీంచి నేరుగా నాయిన కంచంలో వేశాను. పదో తరగతి పాసైన కొడుకులా ఎదురుగా నిలబడ్డాను. ఆయన ఒక ముక్క కొరికాడు. కరకర. ఇంకొకటి కొరికాడు. తర్వాత కంచం వైపు చాలాసేపు చూశాడు, పోగొట్టుకున్న మనిషి ఆనవాలు వెతుకుతున్నట్టు. "మంచిగనే చేసినవ్ బిడ్డా. గని మీ అమ్మ చేసేది ఇది గాదు" అని మెల్లగా కంచం పక్కకు జరిపాడు. అప్పుడు నాకు నిజంగానే కోపం వచ్చింది. ఇదే కదా అమ్మ చేసేది, నేను తిన్నాను కదా, పైనున్న ఆవిడ కూడా చెప్పింది కదా. ఆ వేడివేడి వేపుడును అన్నం మీద బోర్లించి, ఎదురుగా ఉన్న డబ్బాలో నొక్కి, మూత బిగించి, నా కొట్టుకు పట్టుకుపోయాను. అది నాయిన డబ్బా. నేను ఎన్నడూ సద్ది కట్టుకుపోయినవాణ్ణి కాదు, మధ్యాహ్నం బండి మీద ఏదో ఒకటి తినేవాణ్ణి.

ఎండ నడినెత్తికి వచ్చాక కొట్టు వెనకాల స్టూలు మీద కూర్చుని మూత తీశాను. మూతకు పట్టిన ఆవిరి చుక్కలు చుక్కలుగా అన్నంలో రాలింది. కరకరలాడిన ముక్కలన్నీ మెత్తబడి, ముడుచుకుని, ఒకదానికొకటి అతుక్కుని పడుకున్నాయి. ఉల్లిగడ్డలు కరిగిపోయి ఆ తీపి అన్నంలోకి దిగింది, కారం ముక్కల లోపలిదాకా ఇంకింది, అడుగున అన్నం నూనెతో ఎర్రబడింది. ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. నాకు తెలియని రుచి. కానీ చెడ్డ రుచి కాదు. ఇంకో ముద్ద పెట్టుకునేలోగా అర్థమై చెయ్యి ఆగిపోయింది. నాయిన ఏనాడూ పొయ్యి పక్కన నిలబడలేదు. అమ్మ వంటను ఆయన అన్నేళ్లుగా తిన్నది ఇక్కడ, ఇలా, పొద్దున మూతపెట్టి మధ్యాహ్నం తీసి, సిమెంటు బస్తాల పక్కన కూర్చుని. కరకరలాడేది నా అమ్మ వేపుడు. ఆయన అడిగింది ఆయన భార్య వేపుడు. ఒకే కడాయిలో ఆమె రెండు కూరలు వండిందని మా ఇద్దరికీ తెలియదు. బహుశా ఆమెకూ తెలియదు.

మర్నాడు పొద్దున మళ్లీ అలాగే చేశాను. వేడిమీదే డబ్బాలో నింపి, మూత బిగించి, అమ్మ కట్టినట్టే పాత తువ్వాల్లో ముడివేసి నాయిన కుర్చీ పక్కన పెట్టాను. పనికి పోనోనికి సద్ది ఎందుకురా అన్నాడు. మధ్యాహ్నం దాక మూత తియ్యకు నాయినా, గంతే అని వచ్చేశాను. ఆ రోజు కొట్టులో నేను వేసిన గ్లాసులన్నిటికీ బుడగలే, గిరాకీని నవ్వించడానికి మనసు అక్కడ లేదు.

పొద్దుగూకుతుంటే ఇంటికి వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. లోపలికి ఉరకబోతుంటే నల్లా పక్కన గోడమీద డబ్బా కనపడింది, కడిగి బోర్లించి ఉంది. పక్కనే నాయిన కాళ్లు కడుక్కుంటున్నాడు, పాదాలకు ఇసుక. ఎటు పోయినవ్ అని అడిగాను. ఇంట్లో కూర్చుని డబ్బా తినబుద్ధి కాలేదట, మోపెడ్ తీసుకుని బడంగ్‌పేట్‌లో తమవాళ్లు చేస్తున్న సైటుకు పోయాడట, అందరితో కలిసి నీడకు కూర్చున్నాడట. "పనేం జెయ్యలే. కూసొని తిని ఒచ్చిన" అన్నాడు తప్పు చేసినవాడిలా. అంతా తిన్నవా అంటే తలాడించాడు. అప్పుడు నీళ్లు తాగే నెపం మీద నేను లోపలికి పోయి చాలాసేపు బయటికి రాలేదు. రెండో రోజు కూడా కూర్చుని తిని వచ్చాడు. ఆ మర్నాడు తలకు తువ్వాల చుట్టాడు.

ఇప్పుడు ఎల్బీనగర్‌లో నా సొంత కొట్టు ఉంది, నాకో బొజ్జ కూడా ఉంది. గ్లాసు వేయడానికి వంగితే ఆ రెండోదే ముందు తగులుతుంది. వేపుడు చేసే పని మాత్రం ఇప్పటికీ నాదే. ఆనాటి నాలోని కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది. తండ్రి రెండు డబ్బాలు ఖాళీ చేయగానే అమ్మ స్థానం మొత్తం తనకు వచ్చేసిందనుకున్నాడు వాడు. నలుగురు మెచ్చుకుంటే తప్ప నిద్రపట్టని జబ్బు వాడిది. (జబ్బు తగ్గలేదు, డాక్టర్లు మారారు.) అందుకే నాయిన పనికి పోవడం మొదలుపెట్టిన ఆ వారంలోనే ఒక సాయంత్రం, ఆయన గేటు దగ్గర కూర్చుని తాపీకి అంటిన సిమెంటు గీకుతుంటే, పక్కన చేరి వేపుడు ఎట్లుంటున్నది అని అడిగాడు. ఆయన తాపీని తిప్పి రెండో వైపు గీకడం మొదలుపెట్టాడు. కుర్రాడు మళ్లీ అడిగాడు. ఆయన గీకుతూనే ఉన్నాడు. వాడు ఊరుకునే రకం కాదు కదా, అమ్మ చేసినంత మంచిగున్నదా, జర తక్కువున్నదా, ఒక్క ముక్క చెప్పరాదా నాయినా అని పట్టుబట్టాడు.

నాయిన తాపీని నేలమీద పెట్టి నా వైపు తిరిగాడు.

"అన్నేండ్లు వండింది మీ అమ్మ. ఎట్లున్నదని ఆమె ఒక్కనాడు అడగలే, నేను ఒక్కనాడు చెప్పలే. నువ్వు అడిగినవ్ గాబట్టి చెప్తున్న. రేపు జర ఉల్లిగడ్డలు ఎక్కువెయ్యి."