కాగితాలు చింపని సినిమా

1963 ఎండాకాలం. దేవరకొండలో మా టూరింగ్ టాకీస్ డేరా వేసి రెండు నెలలైంది. నాయిన మంచం పట్టడంతో, బి.ఏ. చదివిన నేను లైసెన్సు నా పేరుకు మార్పించుకున్నాను. ఆడది డేరా నడపడమేమిటని అడిగినవాళ్ళకు జవాబూ చెప్పాను, టికెట్టూ అమ్మాను.

మా పనిలో బాక్స్ అంటే సినిమా రీళ్ళుండే రేకు పెట్టె. మధ్యాహ్నం బస్సుకు దిగుతుంది. డేరాలో పగలు బొమ్మ పడదు. అందుకని మేమూ జనంతో పాటే మొదటి ఆటలో చూడాల్సిందే. ప్రచారం మాత్రం పొద్దున్నే మొదలవుతుంది. పోస్టర్ చూసి, చూడని సినిమాను పొగడటం మాలో అందరూ చేసే పనే. నేనూ చేశాను.

ఆ పోస్టర్‌లో ఇద్దరు స్నేహితులు ఒక కాగితాన్ని చెరోవైపు పట్టుకుని చింపుతున్నారు. నేనే ఎడ్లబండెక్కి మైకులో అరిచాను. "అప్పు కాగితాలు చింపే మొగోళ్ళ సినిమా! రాండ్రి, సూడుండ్రి!"

పల్లెల నుంచి బండ్లు కట్టుకొని వచ్చారు. సాహుకారు పెట్టెలో తమ వేలిముద్ర లేని ఇల్లు ఆ పల్లెల్లో తక్కువ.

సినిమా చప్పగా ఉంది. పట్నంలో వడ్డీల ముఠాకు వసూళ్ళు చేసే ఇద్దరు స్నేహితులు. అప్పు కాగితాలన్నీ ముఠా నాయకుడి బీరువాలో. ఒక ఇంట్లో పొయ్యి తన్ని, గిన్నెలు పట్టుకుపోతూ జోకులేసుకుంటారు. నేల టికెట్‌లో ఒక్కరూ నవ్వలేదు. చివరికి ముఠా నాయకుడు జైలుకు పోయాడు, స్నేహితుల పెళ్ళిళ్ళయ్యాయి. కాగితం ఎవరూ చింపకుండానే శుభం పడింది. జనం లేవలేదు.

"ఇంకో రీలు ఉన్నది, ఎయ్యి," అంది ముందు వరుసలోంచి ఎల్లమ్మవ్వ. ఆమె రెండెకరాల చెలక సాహుకారు కాగితంలో ఇరుక్కుని ఉంది.

"అయిపోయింది అవ్వా. శుభం పడ్డది గదా."

"శుభం ఎట్ల బిడ్డా? కాగితాలు గా బీరువలనే ఉన్నయి. రేపు గా దొంగ జైలుకెల్లి వచ్చి మళ్ళ వసూలు జెయ్యడా?"

"రీలు దాసిపెట్టినవ్," అన్నాడు వెనక నుంచి ఒకాయన. "పొద్దుగాల బండి మీద నువ్వే చెప్పలే, చింపుతరని?"

తొందరగా ముగించడానికి రీలు ఎగ్గొట్టే డేరాలు ఉండేవి. ఆ మచ్చ మా డేరాకు లేదు. బాక్స్ తెప్పించి అందరి ముందూ ఒక్కో రీలు తీసి చూపించాను. తక్కువైనదేమీ లేదు. తక్కువైంది కథలో.

టికెట్ల లెక్క చూడటానికి, సినిమా అద్దెకిచ్చిన కంపెనీ పంపిన రిప్రజెంటేటివ్ బెజవాడ మనిషి. నన్ను పక్కకు పిలిచాడు.

"వీళ్ళకు సినిమా చూడ్డం రాదండీ. ఒప్పుకున్న మూడు రోజులూ ఆడించేయండి."

"చూడటం వాళ్ళకు బాగనే వచ్చు. తీసినోళ్ళకే అప్పంటే ఏందో తెల్వదు."

"ఆపితే మా బాక్స్ ఇంక మీ డేరాకు రాదు."

బాక్స్ రాకపోతే డేరా మూతే. మా ఇల్లు గడిచేది దాని మీదే.

"రాకపోతే రాకపాయె," అన్నాను. మైకు తీసుకున్నాను. "సూడకుండ అరిచిన. తప్పు నాది. ఈ సినిమా గీ ఆటతోనే బంద్. టికెట్ ముక్కలు దాసుకోండ్రి. వచ్చే సినిమాకు గా ముక్కతోనే లోపలికి రాండ్రి."

అప్పుడు లేచారు.

కంపెనీ అన్నంత పనీ చేసింది. పన్నెండు రోజులు తెర ఖాళీ. చివరికి ఇంకో కంపెనీ దగ్గర గీతలు పడిన పాత సినిమా దొరికింది. ఈసారి నల్లగొండ పోయి, అక్కడి హాల్లో చూసి వచ్చాకే బండెక్కాను. చూశాకే మైకు పట్టాలన్న నా పట్టుదలకు తోటి డేరావాళ్ళు ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనీ.

ఆ సాయంత్రం ఎల్లమ్మవ్వ వచ్చింది. కొంగు ముడి విప్పి టికెట్ ముక్క తీసింది కానీ, నా చేతికివ్వలేదు.

"నువ్వు సూసినవా?"

"సూసిన."

"ఎట్లున్నది?"

"నడుమ జర సాగుతది. పాటలు మంచిగున్నయి. అప్పులోళ్ళు లేరు."

ముక్క నా చేతిలో పెట్టి లోపలికి నడిచింది.

"గిట్ల చెప్పాలె, ముందుగాల్నే."