చందమామ పాఠంలో కుక్కర్ విజిల్

మా సైన్సు టీచర్ గొంతు పోయిందని తెలియగానే నాకు ముందు ఆ ఫోన్ మీదే ఒళ్ళు మండింది. పొద్దంతా క్లాసులో అరిచింది చాలదన్నట్టు, సాయంత్రం వంట చేస్తూ అదే పాఠం మళ్ళీ చెప్పి, రికార్డు చేసి, పిల్లల వాట్సాప్ గ్రూపులో పెట్టేది. నేను లెక్కల మాస్టారిని, నాకు సుద్దముక్క చాలు. "గొంతేమన్నా అరువు తెచ్చుకున్నారా అమ్మా?" అని స్టాఫ్ రూములో ఆటపట్టించేవాణ్ణి.

"పిల్లలు పడుకుని, కళ్ళు మూసుకుని వింటారట మాస్టారూ. రోజూ నా గొంతు వింటూనే నిద్రలోకి జారుకుంటారట," అని మురిసిపోయేది.

డాక్టరు కొన్నాళ్ళు పెదవి విప్పొద్దన్నాడు. ఆ తర్వాతైనా గొంతు వస్తుందో రాదో చెప్పలేనన్నాడు. హెడ్మాస్టరు చెడ్డవాడేం కాదు గానీ, పరీక్షలు నెత్తిమీదున్నాయి. "శుక్రవారం వచ్చి చూస్తానమ్మా. పాఠం నడవకపోతే క్లాసు కొత్త మాస్టారికి ఇవ్వక తప్పదు," అన్నాడు. రికార్డింగే వినిపిద్దామంటే క్లాసులోకి ఫోను తేకూడదని ఆయనదే రూలు. ఆవిడ సరేనన్నట్టు తల ఊపింది. ఆ క్లాసు ఆవిడకి ప్రాణం. నాకు నిజంగా భయమేసింది.

శుక్రవారం నాకు ఖాళీ పీరియడ్. వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాను. ఆవిడ కిటికీలు మూసి, బల్ల మీద దీపం వెలిగించి, తెల్లటి బంతిని చేత్తో పైకెత్తింది. మధ్యాహ్నం పూటే గదిలోకి వెన్నెల వచ్చినట్టయింది. సుద్దపొడి ఆ వెలుగులో మెల్లగా తేలుతోంది. బంతి తిరుగుతోంది, ఆవిడ పెదవులు కదులుతున్నాయి, మాట మాత్రం లేదు. అప్పుడే హెడ్మాస్టరు కొత్త మాస్టారిని వెంటబెట్టుకొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

ముందు వరసలో ఒక అమ్మాయి, నిద్రలో మాట్లాడినట్టు అందుకుంది. "చంద్రుడికి సొంత వెలుగు లేదు కదూ... మరెలా మెరుస్తున్నాడూ?"

అచ్చం టీచర్ సాగదీతే. ఒక్కొక్కరే గొంతు కలిపారు. బంతి మీద వెలుగు సగమైంది, గోరంతైంది. పిల్లల మాట దాని వెంటే నడిచింది. ఉన్నట్టుండి అందరూ ఒక్కసారే ఆగారు. ఓ మూల నుంచి "స్‌స్‌స్..." అని కుక్కర్ విజిల్ వచ్చింది. ఎవరూ నవ్వలేదు. తర్వాత ఒక పిల్ల ముసలి గొంతు పెట్టి, "అమ్మాయ్, పాలు పొంగుతున్నాయే!" అంది. పాఠం మళ్ళీ సాగింది.

అది టీచర్ అత్తగారి కేక అని నాకప్పుడు వెలిగింది. రికార్డింగులో ఏముంటే అదంతా వాళ్ళకి పాఠమే. టీచర్ చప్పుడు లేకుండా నవ్వుతోంది, కళ్ళ నిండా నీళ్ళు. నా కళ్ళూ తడిశాయి, దాచుకోవడమెందుకు.

హెడ్మాస్టరు గొంతు తగ్గించి అడిగాడు. "మరి పాలేమయ్యాయిరా?"

"పొంగిపోయాయి సార్. టీచర్ పాఠం ఆపలేదుగా!"

ఆయన కొత్త మాస్టారి భుజమ్మీద చెయ్యి వేసి వెనక్కి తిప్పి, బయటి వెలుతురు లోపల పడకుండా తలుపు మెల్లగా దగ్గరికి వేసి వెళ్ళిపోయాడు.