గాలి ఆగిన సేపు

మా ఊరు మేడీనాలో కలప మిల్లు మూతపడి చాలా ఏళ్లయింది. అందులో రంపాలకు పదును పెట్టిన క్లెమ్ ట్రిఫిట్ చేతుల్లో మాత్రం ఆ రంపాల సన్నటి వణుకు ఇంకా మిగిలే ఉంది. వారమంతా చెట్లు కోసే మా ఊళ్లో, ఆదివారం పూట చెట్లకు ఫొటోలు తీసిన మనిషి అతనొక్కడే. పబ్బులో తోటివాళ్లు అతణ్ణి వదిలేవాళ్లు కాదు. "రేపు కోసేదానికి ఇవాళ ఫొటో దేనికి క్లెమ్? పేపర్లో సంతాపం వేయిస్తావా?" అనేవాళ్లు. అతను బీరు నురుగులోకి నవ్వుకునేవాడు.

అతనిది కాళ్ల మీద నిలబెట్టే పాతకాలపు పెట్టె కెమెరా. నల్లగుడ్డ కింద తల దూర్చి చూస్తే అందులో కొండ తలకిందులుగా వేలాడుతుంది. ఇంటి గోడల నిండా పొగమంచు, రాళ్లు, మంచు కప్పిన పైన్ చెట్లు. ఒక్క బొమ్మకే చోటు ఖాళీగా ఉండేది. కొండ మీద ఒక చిన్న మడుగు ఉంది. భూగోళానికి దక్షిణాన ఉన్న మాకు ఆకురాలే కాలమైన ఏప్రిల్ చివర, దాని ఒడ్డున ఫేగస్ అనే కొండ పొదలు రాగిరంగుకు తిరుగుతాయి. అప్పుడు గాలి లేకుండా నీళ్లు అద్దమై కనిపించాలి. ఏటా వెళ్లేవాడు. ఒక ఏడు గాలి, ఒక ఏడు వాన, ఒక ఏడు అప్పటికే రాలిపోయిన ఆకులు.

ఈ ఏడు మోకాలు మొండికేసింది. ఇదే ఆఖరు ఎక్కడమని, బూట్ల తాళ్లు కట్టుకుంటూ భార్య నోరీన్‌తో అన్నాడట. ఆ రోజు సంగతి తర్వాత మా వంటింట్లో కూర్చుని నోరీనే చెప్పింది.

ఎప్పటిలాగే నోరీన్ వెంట వెళ్లింది. బండరాళ్ల మీదుగా ఎక్కేటప్పుడు అతను ప్రతి మలుపులోనూ కూర్చున్నాడు. ఒకప్పుడు వెలుగు చూడటానికి కూర్చునేవాడు, ఇప్పుడు ఊపిరి కోసం. పైకి చేరేసరికి ఆకులు సరిగ్గా పండి ఉన్నాయి. గాలి మాత్రం వీస్తూనే ఉంది.

అక్కడి నేల మెత్తటి నాచు. పక్కన ఎవరు అడుగు వేసినా కెమెరా కాళ్లు ఊగుతాయి. అందుకే కెమెరా నిలబెట్టాక ఎవరు ఎక్కడుంటే అక్కడే కదలకుండా ఉండాలన్నది క్లెమ్ కట్టడి. దారిన పోయే కొత్తవాళ్లు కూడా అతని చెయ్యి లేస్తే కొంగల్లా నిలబడిపోయేవాళ్లు. ఫొటో తీసే మీట అతను తప్ప ఇంకెవరూ ముట్టకూడదు, నోరీన్ అయినా సరే. గాలికి చెవి మిషన్లు ఈల వేస్తున్నాయని వాటిని తీసి జేబులో వేసుకున్నాడు. ఫిలిం పెట్టాడు. మీట తీగ చేతికి చుట్టుకుని రాయి మీద కూర్చున్నాడు. నోరీన్ తను ఎప్పుడూ నిలబడే బండ దగ్గర నిలబడింది.

మధ్యాహ్నం దాటింది. క్లెమ్ తల మెల్లగా గుండె మీదికి వాలింది.

అప్పుడు గాలి ఆగింది. ఎవరో కొండ నుదుటి మీద చెయ్యి వేసినట్టు అంతా నెమ్మదించింది. నీళ్ల ముడతలు ఒక్కొక్కటే సర్దుకుని, పొదలు నీళ్లలోకి దిగి నిలబడ్డాయి.

"క్లెమ్," అని పిలిచింది నోరీన్. చెవి మిషన్లు జేబులో ఉన్నాయి. లేపుదామని అడుగు ఎత్తింది. నోరు తెరుచుకుని, దేనికోసమూ ఎదురుచూడకుండా పడుకున్న ఆ ముఖాన్ని చూసింది. కొండ మీద అతణ్ణి అలా ఎప్పుడూ చూడలేదు. ఎత్తిన కాలు దింపేసింది. నీళ్లవైపు తిరిగి చూస్తూ ఉండిపోయింది, మళ్లీ గాలి వచ్చేదాకా.

అతను ఉలిక్కిపడి లేచి చెవుల్లో మిషన్లు పెట్టుకున్నాడు.

"ఆగిందా?"

"ఆగింది."

"ఎంతసేపు?"

"నీకు సరిపోయేంత."

"మరి లేపలేదేం?"

"కదిలితే చంపుతానన్నావుగా, పెళ్లైన కొత్తలోనే."

"నవ్వులాట కాదు నోరీన్."

"నేనూ నవ్వట్లేదు. అంత అలిసిపోయి పడుకున్నావు. నాకు చేతులు రాలేదయ్యా."

క్లెమ్ వాడని ఫిలిం వెనక్కి తీశాడు, కెమెరా మడిచాడు. ఆకాశం మసకబారుతోంది. దిగేటప్పుడు చాలా దూరం ఆమె ముందు, అతను వెనక. బండరాళ్ల దగ్గర మోకాలు ఇక రానంది. కూర్చున్నాడు. ఆమె ఫ్లాస్కులో టీ వంచి ఇచ్చింది. అతను కప్పులోకే చూస్తూ అడిగాడు.

"ఎలా ఉంది?"

నోరీన్ ఫ్లాస్కు మూత బిగించింది. "పైన ఉన్న ఆకులకంటే నీళ్లలోవే ఎర్రగా ఉన్నాయి. నీళ్లు మరీ నలుపు. ఒడ్డు ఎక్కడో తెలియలేదు. ఒక పక్షి దాటింది, రెండుగా."

"అంత నలుపా?"

"అంత."

అతను కాసేపు లెక్క వేసుకున్నాడు. "నేను ఆకుల వెలుగుకే కెమెరా సరిపెట్టాను. ఫొటోలో నీళ్లు బొగ్గులా వచ్చేవి."

"అయితే ఎలాగూ పాడయ్యేదేనా?"

"పాడయ్యేదే," అన్నాడు. అది నిజమో, తనను ఓదార్చడానికి అన్నాడో ఆమె అడగలేదు. టీ చల్లారింది. అతను మోకాలు చాపుకుని రాతికి వీపు ఆనించాడు.

"ఆ పక్షి ఎటు నుంచి వచ్చింది?" అన్నాడు. "మళ్లీ చెప్పు. గాలి ఆగిన దగ్గర్నుంచి."