మా బావ బయటి గడియారం

మా బావకు చెవులు పోతాండాయని వీధంతా తెలుసు, ఆయనకు తప్ప. కుక్కర్ పక్కనే కూర్చోని పేపర్ చదువుతాంటాడు. అది విజిల్ మీద విజిల్ వేసి పప్పు అడుగంటినా తల ఎత్తడు. "ఏమయ్యా, చెవుడా నీకు?" అని మా అక్క వచ్చి అరిస్తే, "నువ్వెప్పుడూ నోట్లో నోట్లో గొణుగుతావు, ఎవరికి వినపడతాది?" అంటాడు. మా అక్క అరిస్తే పక్కింటోళ్ళు తలుపులు వేసుకుంటారు.

"రేయ్, ఎట్లన్నా చేసి ఆయన్ని చెవుల డాక్టర్ దగ్గరికి తీసకపోరా. ఉన్నదన్నా మిగలనీ," అని అక్క నా ప్రాణం తోడేస్తాండె. నేను అనంతపురంలోనే కాలేజీ పిల్లోళ్ళకు ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. శబ్దం పాఠం ఎంతమందికి చెప్పినానో లెక్కలే. మా బావకు చెప్పే మొగోడు మాత్రం ఇంకా పుట్టలే.

ఆయనది బోరు బండ్ల వ్యాపారం. వయసులో ఉన్నప్పటి నుంచి కంప్రెసర్ పక్కన నిలబడినాడే గాని చెవిలో ఇంత దూది పెట్టుకున్న పాపాన పోలే. "దూది పెడితే రాయి మాట యాడ వినపడతాది?" అనేవాడు. అదీ నిజమే. కింద రాయి మారితే మోత మారుతాది. ఆ మోత విని, "ఇంక ఆపుదాం అన్నా, కింద దుమ్మే" అని చెప్పేవాడు. రైతు కాళ్ళావేళ్ళా పడి ఇంకొంచెం పోదామన్నా బండి ఆపేసేవాడు. గార్లదిన్నె చుట్టుపక్కల ఆయన పేరంతా ఆ చెవుల మీదే నిలబడింది. అందుకే చెవుల మాటెత్తితే మీదికి కొట్టను వస్తాడు.

ఇట్లాంటి మనిషికి పాటల పిచ్చి పట్టింది. మిద్దె మీది గది ఖాళీ చేయించి, బీరువాల మాదిరి రెండు స్పీకర్లు నిలబెట్టినాడు. కొన్నాళ్ళు బాగానే విన్నాడు. ఒకనాడు, "పాటలో తాళాల గలగల రావడం లే. డాక్ మంచిది కాదు" అని తేల్చినాడు. డాక్ అంటే ఏమీలే, అంకెల్లో దాచిన పాటను మళ్ళీ పాటగా మార్చే పెట్టె. అది మార్చినాడు. గలగల రాలే. వైర్లు మార్చినాడు. రాలే. "తప్పు పెట్టెది కాదు, లోపలి గడియారానిది" అన్నాడు.

ఈ గడియారం కత కొంచెం చెప్పాల. ఆ అంకెలు ఒకదాని వెనక ఒకటి, సరిగ్గా సమానంగా పడాల. ఎప్పుడు పడాలో చెప్పేదానికి పెట్టె లోపలే చిన్న గడియారం ఉంటాది. అది తడబడితే పాట మసకబారుతాదంట. దానికి వైద్యంగా బయట ఇంకో పెద్ద గడియారం పెట్టి, వైరుతో తగిలిస్తారంట.

"బావా, లోపలిది పక్కనే ఉండి చెప్తాండాది. బయటిది మూరెడు వైరు దాటుకోని వచ్చి చెప్పాల. ఏది మేలు?" అన్నా.

"నీవన్నీ పుస్తకం మాటలప్పా. నీకు చెవుల్లేవు" అన్నాడు. నాకంట! నాకు చెవుల్లేవంట!

గడియారం వచ్చింది. ముల్లు లేదు, అంకె లేదు, ఒక పచ్చ లైటు. మా అక్క దాన్ని అటూ ఇటూ చూసి, "టైమెంతయింది దీంట్లో?" అనింది. "అది టైము చెప్పదు" అన్నాడు బావ. "చెప్పనిదానికి దుడ్లు పోసి తెచ్చినావా?" అనింది అక్క. నాకు తెలిసి ఆ గడియారం గురించి అంతకంటే మంచి ప్రశ్న ఎవరూ వేయలే.

అంతటితో అయిపోతే బాగుండు. అది వేడెక్కితే గాని కుదురుకోదంట, ఎప్పుడూ ఆర్పకూడదంట. మన కరెంటు సంగతి చెప్పాల్నా? దాని కోసం వేరే ఇన్వర్టర్ పెట్టినాడు. కరెంటు పోతే మా అక్క విసనకర్రతో విసురుకుంటాది, గడియారం మాత్రం రాజా మాదిరి వెలుగుతాంటాది. తర్వాత దానికి వేరే ఎర్తింగ్ అన్నాడు. పెరట్లో గుంత తవ్వించి, ఉప్పూ బొగ్గూ పోసి, తేమ ఆరకూడదని రోజూ బిందెడు నీళ్ళు. అనంతపురంలో! ట్యాంకరు నీళ్ళు! పక్కనే అక్క మల్లెచెట్టు ఎండి పుల్లయిపాయ. "మనుషులకు స్నానాల్లేవు, నీ గడియారానికి దప్పికా?" అని అక్క నెత్తి కొట్టుకుంటే, ఈయన నిమ్మళంగా బిందె వంచుతాండాడు. నాకు కడుపు మండింది. ఊళ్ళో రైతులందరికీ ఆపమని చెప్పే మనిషి, ఈడ దుమ్ము లేస్తాన్నా ఇంకా కిందికి పోతానే ఉండాడు.

ఆదివారం పొద్దున బావ స్నేహితులిద్దరు వచ్చేవాళ్ళు. ఒకాయన రిటైరైన ఇంజనీరు, ఒకాయనది విత్తనాల అంగడి. అక్క చేసిన ఉగ్గాని, బజ్జీ తినుకుంటా, "ఆహా, తెర తీసినట్ల ఉండాదన్నా" అని తల ఊపడమే వాళ్ళ పని. ఆ బజ్జీలకు నేనైనా ఊపుదును.

ఒక ఆదివారం బావ డీఎస్‌డీ అనే రకంలో వయొలిన్ పాట తెప్పించినాడు. దాంట్లో ఉండేది సున్నా, ఒకటీ, అంతే. అవే సెకనుకు లక్షల సార్లు పడతాంటాయి. వాటిని మధ్యలో ఎక్కడా మార్చకుండా నేరుగా వదిలితేనే అసలు రుచి అని బావ పంతం. పెట్టెలో 'డైరెక్ట్' అనే మీట నొక్కినాడు. దాంతో ఒక చిక్కుండాది. ఆ పెట్టె సౌండు తగ్గించాలంటే అంకెల్ని మార్చాల. మార్చొద్దంటిమి కదా, ఇంక వాల్యూమ్ పనిచేయదు. ఆ సంగతి పెట్టెతో వచ్చిన పుస్తకంలో ఉండాది. బావ పుస్తకం మాటలు చదవడు కదా.

రిమోట్ నొక్కినాడు. అబ్బా! వయొలిన్ కాదది, తల మీద పిడుగు. కిటికీలు గడగడలాడినాయి. ఇంజనీరు చేతిలో బజ్జీ ఎగిరి పడింది. అంగడాయన చెవులు మూసుకోని మెట్ల దాకా ఉరికినాడు. కింది నుంచి అక్క ఏమైందో ఏమోనని వచ్చింది.

మా బావ కుర్చీలో కళ్ళు మూసుకోని నవ్వుతాండాడు. "ఆ... ఇదీ! ఇప్పుడొచ్చినాయి తాళాలు! గడియారం మహిమ!"

నేను పోయి ప్లగ్గు పీకేసినా.

"ఎందుకాపినావురా? ఇప్పుడే కదా సరిగ్గా వచ్చింది" అంటా కళ్ళు తెరిచినాడు. అక్క రెండు చెవులూ మూసుకోని నిలబడి ఉండాది. స్నేహితుల చేతులు ఇంకా చెవుల మీదే. బావ ఒక్కొక్కరి ముఖం చూసినాడు. వాళ్ళిద్దరూ పనుండాదని జారుకున్నారు.

"ఎంత గట్టిగా వచ్చిందిరా?" అన్నాడు.

ఎగతాళి చేసేదానికే నోరు తెరిచినా. రాలే. "బోరు బండి పక్కన నిలబడినట్ల, బావా."

బావ గడియారం మీది పచ్చ లైటు వైపు చూసినాడు. "అయితే గడియారం కాదు."

"కాదు."

"ఇంకా పోయినా దుమ్మేనా?"

"దుమ్మే బావా."

"అయితే ఆపురా" అన్నాడు. ఆ పచ్చ లైటు నేనే ఆర్పినా.

మరుసటి రోజే డాక్టర్ దగ్గరికి పోతిమి. పోయింది తిరిగి రాదన్నాడు, మిగిలినదాన్ని మిషన్ పెంచి వినిపిస్తాదన్నాడు. కొన్నాళ్ళకు ఆ మిషన్ వచ్చింది, శెనగ్గింజంత. మా బావ దాన్ని అరచేతిలో తిప్పి తిప్పి చూసి, "డాక్టర్ సార్, దీనికి బయటి గడియారం తగిలించొచ్చునా?" అన్నాడు. నాకు ఆడనే తన్నాలనిపించింది.

ఇంటికొస్తే అక్క వంటింట్లో అటు తిరిగి గొణుక్కుంటాండాది. ఆ గొణుగుడు ఎప్పుడూ ఉండేదే, అది తిట్లని బావ నమ్మకం. "పొద్దున పోయిన మనిషి, తిన్నాడో లేదో... ఆ మిషన్ పెడితే నొప్పి ఉంటాదో ఏమో... ఈయనకేం కానీయద్దు స్వామీ..."

"తినలేదుమే. నొప్పేం లేదు" అన్నాడు బావ హాల్లో నుంచి.

గరిటె కింద పడింది. అక్క గడప దాకా వచ్చి, "నీకు వినపడిందా?" అనింది. అంతే, చేతులతో ముఖం కప్పుకోని ఏడుపు.

బావ అటూ ఇటూ వెతుకుతా, "ఏందది, గలగలమంటాండాది?" అన్నాడు.

"అక్క గాజులు బావా. నీ పెండ్లినాటి నుంచి ఉండేవే. దానికి ఏ గడియారం..."

"గమ్మునుండరా," అన్నాడు బావ, "విననీ."