పిలిచారా, చొరబడ్డారా

మా అన్నయ్యా మా ఆయనా మాట్లాడుకోవడం మానేసింది అఫ్గానిస్థాన్ మూలంగా. ఈ మాట చెబితే ఇప్పుడెవరూ నమ్మరు. ఆస్తి తగాదా అయి ఉంటుందనో, ఆడవాళ్ళ మధ్య మాటా మాటా వచ్చి ఉంటుందనో అనుకుంటారు. అలాంటిదేదో ఉన్నా బాగుండునని నేనూ చాలాసార్లు అనుకున్నాను. ఉంటే ఏ పెద్దమనిషినో కూర్చోబెట్టి తీర్పు చెప్పించుకునేవాళ్ళం.

మాది నర్సీపట్నంలో చర్చి కుటుంబం. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి మా ఇద్దర్నీ పెంచింది. నాకూ అదే పని నేర్పించింది. గొలుగొండ ఆసుపత్రిలో నాకు ఉద్యోగం దొరికింది. అన్నయ్య కాలేజీ రోజుల్లోనే చర్చికి వెళ్ళడం మానేసి పార్టీలో తిరిగాడు. చదువయ్యాక బజారులో చిన్న ప్రింటింగు ప్రెస్సు పెట్టాడు. శుభలేఖలు, సినిమా కరపత్రాలు, ఎన్నికలొస్తే పోస్టర్లు.

మా ఆయన మాకవరపాలెం వైపు రైతుబిడ్డ. హైస్కూల్లో సోషల్ మాస్టారు. విశాఖపట్నంలో ఆయనా అన్నయ్యా ఒకే గదిలో ఉండి చదువుకున్నారు. ఒకరి చొక్కా ఒకరు వేసుకుని తిరిగినవాళ్ళు. మా పెళ్ళి చేసింది అన్నయ్యే. "వీడికంటే మంచివాడు నీకు దొరకడు" అన్నాడు. పాస్టరు లేడు, పురోహితుడు లేడు. ప్రెస్సు ముందు షామియానా వేసి దండలు మార్పించారు, తర్వాత ఉపన్యాసాలిచ్చారు. అమ్మ అంతసేపూ కళ్ళు మూసుకునే కూర్చుంది. ఎండకి కళ్ళు తిరుగుతున్నాయట అని అన్నయ్య వచ్చినవాళ్ళకి సర్దిచెప్పాడు. ఆవిడ ప్రార్థన చేసుకుంటోందని నాకు తెలుసు.

పెళ్ళయ్యాక కూడా మా ఆయన బడి వదలగానే ప్రెస్సుకే వెళ్ళేవాడు. ఇద్దరూ ఎదురెదురు స్టూళ్ళ మీద కూర్చుని ప్రూఫులు దిద్దుతూ ప్రపంచం గురించి మాట్లాడుకునేవారు. రానురానూ మా ఆయన మాటల్లో చైనా ఎక్కువైంది, అన్నయ్య మాటల్లో రష్యా. మాకది సరదాగానే ఉండేది. ఆదివారం కోడి కోస్తే అమ్మ నన్నడిగేది: "సైనా ఆయన వొచ్చేడేటి? రష్యావోడికి ఆకలేస్తంది, బేగి రమ్మను."

ఆ ఏడు క్రిస్మస్ పిండివంటలు ఇంకా డబ్బాల్లో ఉండగానే, అఫ్గానిస్థాన్‌లో సోవియట్ సైన్యం దిగిందని రేడియో చెప్పింది. ఊళ్ళో ఎవరికీ పట్టలేదు. పార్లమెంటు ఎన్నికలు దగ్గరపడ్డాయి, జీపులు మైకులేసుకుని తిరుగుతున్నాయి. ప్రెస్సులో ఊపిరాడని పని. ఆ పని మధ్యలోనే వీళ్ళిద్దరూ మొదలుపెట్టారు.

"వాళ్ళ ప్రభుత్వమే పిలిచింది. రెండు దేశాలకీ ఒప్పందం ఉంది" అన్నాడు అన్నయ్య.

"మరి పిలిచినాయన ఏడీ? వీళ్ళు దిగగానే చచ్చిపోయాడు కదా. సాయానికి వచ్చినవాడు పిలిచినవాణ్ణే చంపుతాడా?"

"అమెరికా వాడు పాకిస్థాన్ లోంచి తుపాకులు పంపుతుంటే చూస్తూ కూర్చోమంటావా?"

ఇంటి నుంచి టీ తెచ్చిన అమ్మ ఇద్దరికీ గ్లాసులందిస్తూ అంది: "అక్కడ మంచు కురుస్తాదంట గదా. పిల్లాపాపా ఏటయిపోయేరో రేడియోలో సెప్పేరేటి?" అలాంటివి రేడియోలో చెప్పరన్నాడు అన్నయ్య.

ఎన్నికలు అయిపోయాక, లైబ్రరీకి వచ్చే కొందరు చదువుకున్నవాళ్ళు ఈ వాదన బహిరంగంగా పెడదామన్నారు. హైస్కూలు ఆవరణలో సభ, ఒకవైపు అన్నయ్య, ఒకవైపు మా ఆయన. ఇద్దరూ హుషారుగానే ఒప్పుకున్నారు. కరపత్రం దగ్గర మొదటి చిక్కు వచ్చింది. పైన 'సోవియట్ సహాయం – కారణాలు' అని వేద్దామన్నాడు అన్నయ్య. 'దురాక్రమణ' అని ఉండాలన్నాడు మా ఆయన. ఆ ఒక్క మాట మీద రోజుల తరబడి తగువులాడుకుని, చివరికి 'అఫ్గానిస్థాన్ సంఘటనలు – కారణాలు' అనే దగ్గర ఆగారు. తీరా కరపత్రాలు బయటికొచ్చేసరికి వాటి మీద 'సహాయం' అనే ఉంది. కంపోజింగు చేసే అతను పాత అచ్చే బిగించేశాడని, పని తొందరలో తను చూసుకోలేదని అన్నయ్య చెప్పాడు. మా ఆయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఇంటికొచ్చేశాడు.

"పొరపాటు కాదేమో అనుకుంటున్నారా?" అని అడిగాను.

"ప్రూఫు చూడకుండా వాడు ఏదీ అచ్చు వెయ్యడు. అది నీకూ తెలుసు."

నాకు తెలుసు. కానీ ఆ వారమంతా అన్నయ్యకి సరిగ్గా నిద్ర లేదని కూడా తెలుసు. ఏది నిజమో ఇప్పటికీ చెప్పలేను.

సభకి జనం బాగానే వచ్చారు. సంతకి వచ్చిన రైతులు, కాలేజీ కుర్రాళ్ళు, మా చర్చి వాళ్ళు కొందరు. నేను అమ్మ పక్కన ముందు వరసలో కూర్చున్నాను, మా పాప నా ఒళ్ళో ఉంది. అన్నయ్య మంచి వక్త. దేశాల పటం గోడకి తగిలించి, ఏ సరిహద్దు ఎక్కడుందో, ఎవరి ఆయుధాలు ఎటునుంచి వస్తున్నాయో చూపిస్తూ మాట్లాడాడు. జనం చప్పట్లు కొట్టారు. మా ఆయనది నెమ్మది గొంతు. పిలిచారంటున్న ప్రభుత్వం ఎవరిది, పిలిచిన కాగితం ఎప్పుడు బయటికొచ్చింది, సైన్యం ఎప్పుడు బయల్దేరింది అంటూ ఒక్కో ప్రశ్నా వేసుకుంటూ వెళ్ళాడు. వెనక కూర్చున్న రైతులు కూడా మాటలాపి విన్నారు. నిజం చెప్పాలంటే నాకు మా ఆయన మాటే సబబుగా తోచింది. అన్నయ్య ముఖం చూస్తే అతనికీ అలాగే తోచినట్టుంది.

జవాబు చెప్పడానికి అన్నయ్య మళ్ళీ లేచాడు. నవ్వుతూనే మొదలుపెట్టాడు.

"మాస్టారు పిలుపు గురించి చాలా పట్టుదలగా అడుగుతున్నారు. ఆయన మా ఇంటికి ఎలా వచ్చారో ఇక్కడ చాలామందికి తెలుసు. నేను పిలిస్తే వచ్చారు. వచ్చి మా ఆడపిల్లని తీసుకుపోయారు. అయినా మేం దాన్ని దురాక్రమణ అనలేదు."

జనం గొల్లుమన్నారు. నేను కూడా నవ్వాననుకుంటాను. మా ఆయన నవ్వలేదు. కూర్చున్నచోటి నుంచే మైకు తన వైపు తిప్పుకున్నాడు.

"ఎందుకు పిలిచారో కూడా చెప్పాలి కదా. చర్చిలో కుదిరిన సంబంధం చెడిపోయి, ఆ పిల్లని ఎవరికి అప్పజెప్పాలో తెలియక పిలిచారు. దాన్ని సహాయం అంటారు. తేడా నాకు బాగా తెలుసు."

నాకు అంతకుముందు ఒక సంబంధం కుదిరి తప్పిపోయింది. అది నిజమే. అబ్బాయి వాళ్ళే వద్దన్నారు. కారణం మా ఇంట్లో తప్ప ఎవరికీ తెలియదు. అసలు అలాంటిదొకటి జరిగిందనే ఊళ్ళో తెలియదు. పెళ్ళికి ముందు ఆయనకి నేనే చెప్పాను, దాచడం ఇష్టం లేక.

ఎవరూ నవ్వలేదు. వెనక ఎవరో ఈల వేశారు. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. అన్నయ్య మైకు ముందు నుంచే, "ఇక మా గుమ్మం తొక్కకు" అన్నాడు. ఆ మాట కూడా మైకులోనే వినబడింది. అధ్యక్షుడు లేచి గబగబా వందన సమర్పణ చేసేశాడు.

ఇంటికి వస్తుంటే ఆయన ముందు నడిచాడు. నేను నిద్రపోతున్న పాపని ఎత్తుకుని వెనక నడిచాను. లోపలికొచ్చాక అన్నాను.

"మీరన్నది నా గురించి."

"వాడే ముందు నిన్ను మధ్యలోకి లాగాడు."

"వాడు లాగాడు. మీరు చెప్పేశారు."

"కరపత్రం మీద మోసం చేసింది ఎవరు? అక్కణ్ణించి చూడు."

అన్నయ్యని అడిగితే అతనూ అంతే. తను నవ్వులాటకి అన్న మాటకి మా ఆయన ఇంట్లోవాళ్ళ పరువు తీశాడని అతని వాదన. ఎక్కడ మొదలైంది, ఎవరు ముందు గీత దాటారు అని ఇద్దరూ తమ తమ లెక్కలు అప్పజెప్పేవారు, సభలో చెప్పినట్టే. ఊళ్ళోవాళ్ళు కూడా రెండుగా చీలి మాట్లాడుకున్నారు. గొలుగొండలో సూది మందుకి వచ్చిన ముసలావిడ ఒకామె నన్నడిగింది: "ఏటమ్మా, ఆ మాట మీ ఆయనే అన్నాడంట గదా, నిజమేనేటి?" ఆవిడకి అఫ్గానిస్థాన్ ఎక్కడుందో తెలియదు. నా సంబంధం సంగతి తెలుసు.

నేను అమ్మని చూడడానికి వెళుతూనే ఉన్నాను. నన్ను రావద్దని అన్నయ్య ఎప్పుడూ అనలేదు. నేను వెళితే చొక్కా వేసుకుని బయటికి పోయేవాడు. వదిన మర్యాదగా కుర్చీ వేసేది. అమ్మ ప్రతి క్రిస్మస్‌కీ ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టాలని చూసింది. ముందు వాణ్ణి ఒప్పుకోమనండి అనేవాడు మా ఆయన. ముందు ఆయన్ని ఒప్పుకోమను అనేవాడు అన్నయ్య. "నాను పోయినాకేనా మాటాడుకోండర్రా" అంది అమ్మ ఒకసారి.

అమ్మ పోయింది. చివరి నెలల్లో మా ఆయన పొద్దున్నే వెళ్ళి ఆవిడకి పేపరు చదివి వినిపించి బడికి పోయేవాడు. ఆ వేళకి అన్నయ్య ప్రెస్సు తెరిచి కూర్చునేవాడు. గుమ్మం తొక్కవద్దన్న మాట అన్నయ్య వెనక్కి తీసుకోలేదు, గట్టిగా పట్టుకోనూ లేదు. అది చూసి నేను కొంచెం ఆశపడ్డాను.

సమాధుల తోటలో పెట్టె దించాక ఇద్దరూ మట్టి వేశారు. జనం కదులుతుండగా మా ఆయన అన్నయ్య దగ్గరికి నడిచాడు. ఏదో అన్నాడు. అన్నయ్య తల ఊపి ఏదో జవాబు చెప్పాడు. ఇన్నేళ్ళ తర్వాత ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు. నాకు ఏడుపు ఇంకా ఎక్కువైంది, కానీ అది వేరే ఏడుపు. నేను దగ్గరికి వెళ్ళాను.

"ఇన్నేళ్ళయింది, ఇంకా పిలిచారనే అంటావా?" అంటున్నాడు మా ఆయన, చాలా మెల్లగా.

"నువ్వు ఆ రోజు చెప్పిన తారీఖులు తప్పు. నేను తర్వాత చూశాను" అన్నాడు అన్నయ్య.

ఇద్దరి చేతులకీ మట్టి అలాగే ఉంది. నేను రావడం చూసి ఇద్దరూ ఆపేశారు, చెరో వైపు వెళ్ళిపోయారు.

తర్వాత కాలం మారింది. అన్నయ్య పార్టీ వదిలేశాడు. ఆఫ్‌సెట్ అచ్చు వచ్చాక అతని ప్రెస్సుకి పని తగ్గింది. దాన్ని అమ్మేసి మెయిన్ రోడ్డు మీద సిమెంటు, ఇనుము కొట్టు పెట్టాడు. మా ఆయన కూడా మీటింగులకి వెళ్ళడం మానేసి సాయంత్రాలు ట్యూషన్లు చెప్పుకునేవాడు. చైనా మాట మా ఇంట్లో వినబడి ఏళ్ళయింది. రష్యా గురించి అన్నయ్య కూడా ఎవరితోనూ మాట్లాడేవాడు కాడని వదిన చెప్పింది.

ఒకరోజు పొద్దున్న వార్తల్లో సోవియట్ సైన్యం అఫ్గానిస్థాన్ నుంచి పూర్తిగా వెళ్ళిపోయిందని చెప్పారు. మా ఆయన గడ్డం గీసుకుంటున్నాడు.

"విన్నారా?" అన్నాను.

"విన్నాను."

"మరైతే ఇంక?"

"ఇంకేముంది?" అని బ్లేడు కడుక్కున్నాడు. ఆయన ముఖంలో గెలిచినట్టూ లేదు, ఓడినట్టూ లేదు. నేనేం అడుగుతున్నానో నిజంగానే ఆయనకి అర్థం కాలేదు.

నేను చీర మార్చుకుని అన్నయ్య కొట్టుకి వెళ్ళాను. ఏం చెప్పాలనుకున్నానో నాకే తెలియదు. అది అయిపోయిందట, ఇంక ఇంటికి రా అని చెప్పాలనుకున్నానేమో. కొట్టు ముందు ట్రాక్టరులోకి ఇనప చువ్వలు ఎక్కిస్తున్నారు. అన్నయ్య బల్ల దగ్గర ఇద్దరు రైతులతో బేరమాడుతున్నాడు. జుట్టు బాగా నెరిసింది. నన్ను చూశాడు. కళ్ళద్దాలు సవరించుకున్నాడు.

"ఏం కావాలండీ?" అన్నాడు.

రైతులిద్దరూ పక్కకి జరిగి నాకు చోటిచ్చారు. చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని ఆసుపత్రి క్వార్టర్ల చుట్టూ తిప్పినవాడు. అంతకుముందు నన్ను ఒక్కసారి కూడా అండీ అనలేదు. కోపంతో అన్నాడేమోనని ముఖం చూశాను. కోపం లేదు. కొట్టుకి ఎవరొచ్చినా అలాగే అడిగేవాడనుకుంటాను.

"ఏం లేదండీ" అన్నాను.

ఆ పూట నాకు డ్యూటీ ఉంది. గొలుగొండ బస్సు కదలబోతుంటే ఎక్కాను. సీటు దొరకలేదు, నిలబడే వెళ్ళాను.