మా మామ చూసిన సంచి పక్షులు

ఈ పొద్దున మా వీధి వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక ఫోటో పెట్టారు. కరెంటు తీగల మధ్యన, ఎవరిదో మేడ మీద నీళ్ల ట్యాంకుకు పైన, తెల్లగా ఒక మసక. కింద ప్రశ్న: "ఇదేం పక్షి? మన అనంతపురంలో ఇంత పెద్దదా?" అంతే, పళ్లు తోముకోవడం మానేసి వీధంతా పండితులైపోయింది. గద్ద అన్నారొకరు. పెళ్లిళ్లలో ఫోటోలు తీసే డ్రోన్ అన్నారు ఇంకొకరు. విమానమేమో సరిగ్గా చూడండి అని ఒక పెద్దమనిషి సలహా. గరుత్మంతుడి దర్శనం అయింది, పదిమందికి పంపితే శుభం అని చివరింటావిడ, ఆమె వెనకాలే ఇరవై దండాల బొమ్మలు. నేను ఒక జాకెట్టుకు చంక దగ్గర కుట్టు విప్పుకుంటూ అన్నీ చదివి, ఫోను బోర్లా పెట్టేశాను. ఒళ్లు మండిపోయింది. ఆ మసక ఏమిటో నాకు తెలుసు. దాని ముక్కు కింద సంచి ఉంటుంది. ఈ మాట మా ఇంట్లో ఒక మనిషి ఎన్నో ఏళ్ల కిందటే చెప్పారు. చెప్పినందుకు మేము ఆయనకు కళ్ల ఆపరేషన్ చేయించాం.

ఆ మనిషి మా మామ, అంటే మా ఆయన తండ్రి. కంబదూరు దగ్గరి పల్లెలో వానను నమ్ముకుని వేరుశనగ పండించిన మనిషి. పండింది తక్కువ, నమ్ముకుంది ఎక్కువ. మా అత్త పోయాక, చేను పంటలో పాలుకు పక్కరైతుకు కోరుకిచ్చి, మా దగ్గరికి వచ్చేశారు. వచ్చేటప్పుడు ఒకే ఒక్క షరతు పెట్టారు. ప్రతి శుక్రవారం బస్సెక్కి పోయి చేను చూసుకుని వస్తారు, ఒక్కరే, ఎవరూ వెంట రాకూడదు. అక్కడ చేసే పని ఏమీ లేదు. గట్టు మీద ఒక చుట్టు తిరగడం, గుప్పెడు ఎర్రమన్ను చేతిలోకి తీసుకుని నలిపి పారేయడం, సాయంత్రం బస్సుకు తిరిగి రావడం. ఆ రాత్రి సంగటి ఇంకో ముద్ద ఎక్కువ తినేవారు. మిగిలిన ఆరు రోజులూ ఆయన మా వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవారు. నేను ముందుగదిలో మిషన్ మీద జాకెట్లు కుట్టేదాన్ని, ఇప్పుడూ అదే పని. కాబట్టి మా ఇద్దరికీ మధ్య ఒక కిటికీ, ఆ కిటికీలోంచి ఆయన గొంతు.

మా ఊళ్లో మనుషులు తలెత్తేది మబ్బు కోసమే. చూస్తారు, లేదని తేల్చుకుంటారు, ఒక తిట్టు తిట్టి తల దించుకుంటారు. మా మామ తిట్టడం అయిపోయాక కూడా తల దించేవారు కాదు. చిక్కంతా అక్కడే వచ్చింది. ఒకరోజు ఒక పెళ్లికూతురి తల్లి నా ఎదురుగా కూర్చుని, హుక్కులు వేసి ఇస్తే తప్ప లేవనని పంతం పట్టి ఉంది. అప్పుడు కిటికీలోంచి ఒక కేక. "అమ్మా! బిర్నా రా! పెద్ద పచ్చులు పోతాండాయి!" ఇంట్లో పాము దూరిందేమో అన్నంత తొందర ఆ కేకలో. చేతిలో సూది ఎక్కడ గుచ్చానో తెలియకుండా పరుగెత్తాను. ఆకాశం ఉతికి ఆరేసినట్టు ఉంది, ఒక కాకి కూడా లేదు. "యాడ మామా?" అన్నాను. "ఇప్పుడే పాయ. ఆ మేడ ఎనక్కి" అన్నారు. ఎంతుంటాయని అడిగాను, ఎందుకంటే నాకు కొలత చెప్పనిదే ఏదీ బుర్రకెక్కదు. ఆయన రెండు చేతులూ చాచారు, చాలలేదు, "నా పంచ సగానికి మడిస్తే ఎంతో, అంత" అన్నారు. పంచె నాలుగు గజాలు, సగమంటే రెండు గజాలు. రెండు గజాల గుడ్డలో ఒక పెద్దమనిషికి చొక్కా అవుతుంది. అంత పక్షి మా అనంతపురం మీద ఎగురుతూ పోతే ఊరికంతటికీ కనపడకుండా ఈయన ఒక్కరికే కనపడిందా? ఆ సూది పెళ్లికూతురి తల్లికి కుర్చీలో దొరికింది. ఎలా దొరికిందో రాయను.

ఒకసారితో పోతే ఇప్పుడు చెప్పుకునేదే లేదు. వారానికి రెండుసార్లు, మూడుసార్లు. నేను చెప్పులు వేసుకునే లోపల అవి పోయేవి. చెప్పుల్లేకుండా పరుగెత్తితే కాళ్లు కాలేవి, అప్పుడూ పోయేవి. ఒకసారి ఆ కేకకు జాకెట్టు ఎడమ చేతిని కుడి వైపు కుట్టేశాను. ఇంకోసారి పాలు పొంగి స్టవ్ అంతా అయింది. పచారీ కొట్టాయన, "ఏం పెద్దాయనా, ఈపొద్దు ఎన్ని ఏనుగులు ఎగిరినాయి?" అని అడగడం, వీధిలో నలుగురు నవ్వడం. మా మామ నవ్వేవారు కాదు. ఆయనకు నవ్వులాట తెలియదని కాదు. ఆయన ఏనుగులనలేదు, పక్షులన్నారు, అందుకని. జన్మలో ఒక్క అబద్ధమాడి ఎరగని మనిషికి ఎంత పట్టుదల ఉంటుందో, ఆ మనిషితో ఒకే కప్పు కింద బతికేవాళ్లకే తెలుసు. నాకు విసుగొచ్చింది. బాగా విసుగొచ్చింది. మెల్లగా ఆ కేక వచ్చినా నేను మిషన్ ఆపడం మానేశాను. "ఆ, చూసినాను మామా" అని లోపలి నుంచే అనేదాన్ని. అలా అబద్ధం నేను ఆడాను.

మా ఆయన హైస్కూల్లో సైన్సు చెబుతారు. ఇంట్లో సైన్సు మాస్టారు ఉంటే ఇలాంటివి తేలిగ్గా తేలిపోతాయని మీరనుకుంటారు. ఆయన కుర్చీ లాక్కుని, పిల్లలకు పాఠం చెప్పినట్టు, తండ్రికి చెప్పారు. "నాయనా, నువ్వు చెప్పేటివి నీటి పచ్చులు. నీళ్లు యాడుండాయి మన తట్టు? వాటికి బుద్ధి లేదనుకుంటివా, చచ్చేకి ఈడికొచ్చేకి?" మా మామ, "అదంతా నాకు తెల్దురా. వాటి ముక్కు కింద సంచి ఉండాది" అన్నారు. అంతే, మా ఆయన నా వైపు చూశారు. ఆ చూపులో ఇక మాట్లాడేదేముంది అని ఉంది. సంచి వేసుకున్న పక్షి! ఏ సంతకు పోతున్నట్టు? మా కరువు మీద మాకున్న నమ్మకం అలాంటిది. దేవుడిని కూడా అంతగా నమ్మలేదు మేము. అప్పటికే కాలువ నీళ్లు వచ్చి తూర్పు దిక్కున ఉండే చెరువులు నిండుతున్నాయని పేపర్లో పడింది. ఆ వార్తను కాఫీ తాగుతూ మా ఇద్దరికీ గట్టిగా చదివి వినిపించింది సాక్షాత్తూ ఈ సైన్సు మాస్టారే. చదివి, మడిచి, పక్కన పెట్టి, నీళ్లు లేని ఊరికి పక్షులెట్ల వస్తాయని మళ్లీ వాదన. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నాకు చేతిలో ఉన్న కత్తెర విసిరేయాలనిపిస్తుంది.

కళ్లలో లోపమని మా ఆయన తీర్మానించారు. ఆసుపత్రికి తీసుకుపోతే నిజంగానే కుడి కంట్లో శుక్లం ఉందన్నారు. మా ఆయన గెలిచినట్టు ఇంటికొచ్చారు. ఆపరేషన్ అయింది, నల్లకళ్లద్దాలు పెట్టారు, రోజుకు నాలుగుసార్లు చుక్కల మందు నేనే వేశాను. తల ఎత్తకూడదని చెబితే కుర్చీలో కూర్చుని తన కాళ్ల వైపు చూసుకుంటూ ఉండిపోయారు. ఆ నెల మా ఇంట్లో పక్షుల్లేవు. నేను ఇరవై రెండు జాకెట్లు కుట్టి ఇచ్చాను, ఒక్కటీ తిరిగి రాలేదు. అద్దాలు తీసేసిన మరునాడు పొద్దున, సరిగ్గా తొమ్మిదింటికి, కిటికీలోంచి మళ్లీ అదే కేక. ఈసారి ఇంకా వివరంగా. "అమ్మా, రెక్కల కొసకు నలుపుండాదే! నీ చీరకు అంచేసినట్ల! ఇన్నాళ్లూ నాకు కనపడ్నే లేదు!" మంచి కళ్లు పెట్టించింది మేమే కదా, ఎవరిని తిట్టుకోవాలి?

ఆ రోజు నేను చేసిన పని రాయకుండా దాటేయొచ్చు. కానీ రాస్తాను. మా ఆయన బడి నుంచి రాగానే, చెప్పులు కూడా విప్పనీయకుండా, "మీ నాయనకు కండ్లు కాదు, తలకాయే బాగలేదేమో చూడండి" అన్నాను. కోపంలో అన్నాను. ఆయన మాత్రం నెమ్మదిగా విన్నారు, తండ్రి దగ్గరికి పోయారు. నరాల డాక్టరుకు చూపిద్దామని, అంతవరకూ చేను మాట ఎత్తొద్దని చెప్పారు. "పచ్చులు కనపడతాండాయంటే దోవ తప్పిపోతావు నాయనా. ఇంగ బస్సెక్కనీను." మా మామ కొడుకు ముఖంలోకి చూశారు, నా ముఖంలోకి చూశారు. పక్షులను ఎలా చూసేవారో అలా, నిదానంగా, తేల్చుకునేదాకా. తర్వాత అన్నారు: "పచ్చులేమీ ల్యావులేరా. ఏదో కండ్లు చెదిరింటాయి. శుక్రవారం పోయొస్తా, డాక్టరొద్దు." మా ఆయన సంతోషపడ్డారు. డాక్టరు మాట పోయింది, బస్సు మాట నిలిచింది. మా ఇంట్లో మా మామ ఆడిన మొదటి అబద్ధం అదే. ఆడించింది మేము.

ఆ తర్వాత కేకల్లేవు. వాకిట్లో కుర్చీ ఉండేది, కుర్చీలో ఆయన ఉండేవారు, మెడ ఎప్పటిలాగే పైకే ఉండేది. ఒక్కోసారి ఆ మెడ తూర్పు నుంచి పడమరకు మెల్లగా తిరగడం కిటికీలోంచి కనపడేది. ఏదో పోతోందని, ఆయన దాన్ని చూపుతో సాగనంపుతున్నారని నాకు తెలుస్తూనే ఉండేది. "ఏమన్నా కనపడిందా మామా?" అని అడిగేదాన్ని. "ఏమీ ల్యాదమ్మా" అనేవారు, నా వైపు చూడకుండా. నిశ్శబ్దం కోరుకున్నది నేనే. అది దొరికాక నాకు పిచ్చెక్కినట్టయింది. కేకలేస్తే విసుగు, వేయకపోతే అంతకు రెండింతలు విసుగు. సిగ్గనిపించిందని చెప్పుకోవాలి, ఇప్పుడైనా. శుక్రవారాలు మాత్రం ఆయన బస్సెక్కి పోయి వస్తూనే ఉన్నారు. అక్కడ గట్టు మీద నిలబడి ఎవరికీ భయపడకుండా చూసుకునేవారేమో.

వానలు బాగా పడిన ఏడాది అది. ఒక పొద్దున మేడ మీద లైనింగ్ గుడ్డలు తడిపి ఆరేస్తున్నాను. కొత్త గుడ్డ కదా, ముందే తడిపి ఆరబెట్టకపోతే తర్వాత ముడుచుకుపోతుంది. పరిచిన తెల్లగుడ్డ మీద ఒక నీడ పోయింది. దాని వెనక ఇంకొకటి. మబ్బనుకుని తలెత్తాను, మాకు వేరే అలవాటు లేదు కదా. మబ్బు కాదు. తొమ్మిదో పదో, ఒకదాని వెనక ఒకటి, రెక్క ఆడించకుండా జారిపోతున్నాయి. మెడలు వెనక్కి మడిచి భుజాల మధ్య పెట్టుకున్నాయి. పొడుగాటి ముక్కు, ముక్కు కింద తోలు సంచి. రెక్కల కొసకు నలుపు. రెండు గజాలు కాదు, ఇంకా ఎక్కువే ఉంటాయి, కొలతల్లో నేను పొరబడను. నా నోట్లోంచి వచ్చిన కేక నాదేనా అనిపించింది. "మామా! బిర్నా రాండి! పెద్ద పచ్చులు పోతాండాయి!"

కింద ఆయన సంగటి తింటున్నారు. చెయ్యి కడుక్కుని, మోకాలి నొప్పితో మెట్టుకు రెండు కాళ్లూ పెట్టుకుంటూ రావాలి. నేను పైనుంచి తొందర పెడుతూనే ఉన్నాను. ఆయన చివరి మెట్టు ఎక్కేసరికి పక్షులు మేడల వెనక్కి పోయాయి. ఖాళీ ఆకాశం వైపు వేలు చూపించి నిలబడ్డాను. "ఇప్పుడే... అదో, అటు... ఆ మేడ ఎనక్కి" అన్నాను. ఇంక ఆయన నవ్వినా, ఏనుగులా అని అడిగినా, నాకు తగిన శాస్తే. ఆయన నవ్వలేదు. ఆకాశం వైపు కూడా పెద్దగా చూడలేదు. నా ముఖం చూసి, "తూర్పుకా?" అన్నారు. తూర్పుకేనన్నాను. "సింగనమల చెరువు తట్టు పోయింటాయిలేమ్మా. ఈ యాళకు పోతాయి" అన్నారు. "నువ్వు చూసినావు కదా, సరిపోయె" అని, కింద పడిన గుడ్డ ఒకటి తీసి నా చేతికిచ్చి, మళ్లీ ఒక్కో మెట్టే దిగిపోయారు. సాక్ష్యం అడగలేదు, కొలత అడగలేదు. ఒకప్పుడు నన్ను నమ్మించాలని ఎంత తిప్పలు పడ్డారో గుర్తు చేయలేదు. నేను ఆ తడిగుడ్డల మధ్య కూర్చుని ఏడ్చాను.

సాయంత్రం మా ఆయనకు చెబితే, "ఇంగ నీగ్గూడా మొదలాయనా?" అన్నారు. ఆయనతో నేను ఎలా మాట్లాడానో ఇక్కడ వద్దు. ఆ ఆదివారం తండ్రినీ కొడుకునీ ఇద్దరినీ ఆటో ఎక్కించి సింగనమల చెరువు గట్టు మీద నిలబెట్టాను. అక్కడ నీళ్ల మీద సంచులు వేలాడేసుకుని వందకు తక్కువ లేవు. సైన్సు మాస్టారు, "నాయనా, నువ్వు చెప్పింది ఇవేనా?" అన్నారు. మా మామ, "ఈటికి ఎండ తగుల్తా ఉండాది చూడు, రెక్కలు ఆరబెట్టుకుంటాండాయి" అని ఒకదాన్ని చూపించారు, అంతే.

ఆ తర్వాత ఆయన ఎక్కువ కాలం లేరు. ఉన్నన్నాళ్లూ కేక వినపడితే మిషన్ ఆపి పోయాను, కొన్నిసార్లు అందుకున్నాను కూడా. కానీ ఆ మధ్య నెలలున్నాయే, ఏమీ ల్యాదమ్మా అన్న నెలలు, వాటిలో ఆయన ఒక్కరే చూసి ఊరుకున్న పక్షులెన్నో అడుగుదామని ఎన్నోసార్లు అనుకున్నాను. ఈ జాకెట్టు అయిపోనీ, ఈ పెళ్లిళ్లు గడవనీ అనుకుంటూ ఉండగానే అడిగే రోజులు అయిపోయాయి.