మొదటి నుంచి చదివితేనే వచ్చే ఇంగ్లీషు

1985 అక్టోబరులో నేను రెండోసారి బహ్రెయిన్‌లో ఉద్యోగానికి చేరాను. హోదా లాంగ్వేజ్ ఇన్‌స్ట్రక్టర్, గ్రేడ్ టూ. చమురు ట్యాంకుల మరమ్మతులు చేసే ఒక కాంట్రాక్టు కంపెనీలో కూలీలకీ మేస్త్రీలకీ ఇంగ్లీషు చెప్పడం పని. మొదటిసారి అదే కంపెనీలో 1979 నుంచి రెండేళ్లు చేసి, ఇంక చాలనుకుని వెనక్కొచ్చి, తెనాలి దగ్గర ఒక జూనియర్ కాలేజీలో లెక్చరర్‌గా చేరాను. నాలుగేళ్లలో అక్కడి ప్రిన్సిపాలుకీ నాకూ ఉప్పు నిప్పు వ్యవహారమైంది. తప్పు ఆయనదేనని ఇప్పటికీ నా అభిప్రాయం. పాత కంపెనీకి ఉత్తరం రాస్తే, నీ కుర్చీ ఖాళీగానే ఉంది, రమ్మన్నారు.

ఆ కుర్చీ మామీర్ అనే ఊరి పక్కన, కంపెనీ యార్డులో ఒక రేకుల షెడ్డులో ఉండేది. ఏసీ ఒకటి ఉండేదిగానీ దాని రొదకి నేను అరిచి పాఠం చెప్పాల్సివచ్చేది. బస నగరంలో గుదైబియా అనే పేటలో, మరో ముగ్గురితో కలిసి ఒక పాత ఫ్లాటులో.

కూలీలకి ఇంగ్లీషెందుకయ్యా అని మనవైపు చాలామంది అడిగేవారు. ట్యాంకుల యజమాని తరఫు ఆపరేటరు బహ్రెయినీ, ఇంజనీరు ఇంగ్లీషువాడు, మా ఫోర్‌మన్ కొరియావాడు, ట్యాంకులో దూరి అడుగున పేరుకున్న మడ్డి గీకేవాళ్లు కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల వాళ్లు. వీళ్లందరికీ ఉమ్మడిగా ఉన్నది వచ్చీరాని ఇంగ్లీషు ఒక్కటే. పైగా పర్మిట్ అనే కాగితం ఒకటుంది. ట్యాంకులో గ్యాసు పరీక్ష చేశారా, పైపులు మూసేశారా, బయట కాపలా మనిషి ఉన్నాడా అన్నవన్నీ గళ్లలో రాసి ఆపరేటరు ఇస్తాడు. మా తరఫున దాన్ని తీసుకునేవాణ్ని పర్మిట్ రిసీవర్ అంటారు. అతను దాన్ని చదివి, గ్యాంగుకి వినిపించి, సంతకం పెట్టాకనే ఎవరైనా లోపలికి వెళ్లాలి. సంతకం పడ్డాక ఏం జరిగినా జవాబుదారీ అతనిది. అందుకే రిసీవర్ కావాలంటే నా దగ్గర చదువు పరీక్ష ప్యాసవ్వాలి.

మొదటి విడతలో నాకు ఉత్సాహం మహా ఎక్కువ. హైదరాబాద్ ట్రైనింగ్‌లో నేర్పిన నోటి పద్ధతి మీద వల్లమాలిన నమ్మకం. పుస్తకం వద్దు, పలక వద్దు, పసిపిల్లలు తల్లి దగ్గర నేర్చుకున్నట్టే వినాలి, అనాలి. సాయంత్రం డ్యూటీ దిగి, కళ్లు మూతలు పడుతుండగా వచ్చి కూర్చునే మనుషులకి అది బ్రహ్మాండంగా పట్టింది. పర్మిట్‌లోని పన్నెండు లైన్లనీ ఎక్కం లాగా కట్టాను. నేను "గ్యాస్ టెస్ట్?" అంటే నలభై గొంతులు "డన్ సార్!" అనేవి. షెడ్డు రేకులు అదిరేవి. మా ట్రైనింగ్ సూపరింటెండెంటు గుమ్మంలో నిలబడి చప్పట్లు కొట్టాడు. అందరూ ప్యాసు. సర్టిఫికెట్టు మీద 'పర్మిట్ చదివి అర్థం చేసుకోగలడు' అని అచ్చయి ఉండేది. దాని కింద నలభై సంతకాలు ఒక్క బిగిని చేశాను. ఆ రోజు నా అంతవాడు లేడనుకున్నాను.

రెండోసారి వచ్చిన వారంలోనే కూలీలుండే కంపెనీ క్యాంపులో గంగారాం కనిపించాడు. జగిత్యాల దగ్గరి మనిషి, నలభై ఏళ్లుంటాయి, పాత బ్యాచిలో మొదటి వరస విద్యార్థి. ఇప్పుడు ట్యాంకులు శుభ్రం చేసే గ్యాంగుకి మేస్త్రీ, నాలుగేళ్లుగా పర్మిట్ రిసీవర్. "సార్, మల్ల దుబాయికచ్చిన్రా! మంచిగున్నరా?" అంటూ రెండు చేతులూ పట్టుకున్నాడు. వాళ్లకి గల్ఫంతా దుబాయే. బహ్రెయిన్ అని నేను సరిచేస్తే నవ్వేవాడు. కెఫెటేరియాకి లాక్కెళ్లి చాయ్ తాగించి, అక్కడున్న తన గ్యాంగుకి నన్ను చూపించాడు. "నాకు సదువు నేర్పిన సారు గీయ్ననేరా. ఊర్ల సంతకం రానోన్ని, గీ సార్ పుణ్యాన ఇంగ్లీషు కాయితం సదువుతున్న." వాళ్లు లేచి నిలబడ్డారు. లోపల్లోపల ఎంత పొంగిపోయానో దాచడం దేనికి!

నన్ను మళ్లీ రమ్మనడానికి కారణం కొత్త పర్మిట్ ఫారం. గళ్లు పెంచారు, వరస మార్చారు, ఒకే పేజీని రెండు కాలమ్‌లు చేశారు. రిసీవర్లందరికీ దాని మీద మళ్లీ పరీక్ష పెట్టి జాబితా ఇమ్మని సూపరింటెండెంటు ఉత్తర్వు. పద్ధతి ఏమిటంటే, ఫారంలో కావాలని ఒక తప్పు పెడతాం. చదివేవాడు దాన్ని పట్టుకుని, సంతకం పెట్టనని చెప్పాలి. గంగారాం ఒప్పందం ఆ డిసెంబరుతో ముగుస్తుంది. ప్యాసైతే పొడిగింపు. లేకపోతే అతని గ్రేడుకి వేరే పని లేదు, టికెట్టు చేతికిచ్చి ఖలాస్ అంటారు. ఈ సంగతి అతనికీ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఇద్దరం ధీమాగానే ఉన్నాం.

అతనికిచ్చిన ఫారంలో గ్యాసు పరీక్ష గడి ఖాళీగా వదిలాను. గంగారాం నిటారుగా కూర్చుని, కాగితం మీద వేలు పెట్టి అందుకున్నాడు. గడగడా, ఒక్క తడబాటు లేదు. వేలు లైను లైనుకీ కిందికి దిగుతోంది. "గ్యాస్ టెస్ట్ డన్. ఆక్సిజన్ ఓకే. ఫైర్ హోస్ రెడీ." ఆ మాటంటున్నప్పుడు వేలి కింద ఉన్నది ట్యాంకు నంబరు! అతని నోటి వెంట వస్తున్నది 1979లో నేను కట్టిన ఎక్కం. లైనుకీ లైనుకీ మధ్య నేనిచ్చే చిన్న విరామం, 'ఓకే' దగ్గర నా గుంటూరు సాగదీత, అన్నీ ఉన్నాయి.

మధ్యలో ఒక గడి మీద నా వేలు పెట్టి, ఇదేమిటో చెప్పు గంగారాం అన్నాను. అతను గడిని చూశాడు, నన్ను చూశాడు. "గట్ల నడిమిట్ల అడిగితే రాదు సార్. మొదటికెల్లి సదివితె అస్తది," అన్నాడు.

మోసం చేస్తున్నాడని నేను ఒక్క క్షణం కూడా అనుకోలేదు. దొరికిపోయానన్న భయం అతని మొహంలో ఎక్కడా లేదు. కాగితం మీద వేలు నడుస్తుంటే నోట్లోంచి మాట రావడమే చదువని అతని నమ్మకం. అలా నమ్మించినవాణ్ని నేనే. మరి నాలుగేళ్లు ప్రమాదం లేకుండా ఎలా నెట్టుకొచ్చావయ్యా అంటే, ఆ ప్రశ్నే వింతగా తోచింది అతనికి. "కాయితంల ఏమున్నా గానీ సార్, గ్యాసు మీటరు పట్టుకున్నాయన లోపలికి వొయ్యి బయటికచ్చుడు నా కండ్లతోని సూస్త. అటెంకనే మావోళ్లను తోల్త. కాయితం మీసొంటి సార్ల కోసం సదువుత."

ఏమాటకామాటే చెప్పుకోవాలి, అతను చాలామంది చదువుకున్నవాళ్లకంటే జాగ్రత్తపరుడు. కానీ మీటరు పట్టుకున్న మనిషి కంటికి కనబడతాడు. ఎక్కడో దూరాన మూయకుండా వదిలేసిన పైపు కనబడదు. అది కాగితంలోనే ఉంటుంది. ఇన్నాళ్లూ ఏమీ కాలేదంటే అది వాళ్ల అదృష్టం, నా పాఠం గొప్ప ఏమీ లేదు.

ఆ శుక్రవారం, అక్కడ సెలవురోజు, మా తెలుగు క్రైస్తవుల ఫెలోషిప్ ప్రార్థనకి వెళ్లానుగానీ మనసు అక్కడ లేదు. అందరితో పాటు కీర్తన పాడేస్తున్నాను. పుస్తకం తలకిందులుగా పట్టుకున్నారు మాస్టారూ అని పక్కాయన మోచేత్తో పొడిస్తేగాని చూసుకోలేదు. ప్యాసని రాస్తే ఎవరికీ తెలియదు. తెలిసే రోజంటూ వస్తే ట్యాంకులో శవాలతో వస్తుంది. ఫెయిలని రాస్తే నేను చేసిన తప్పుకి అతని పొట్ట కొట్టినవాణ్నవుతాను. చివరికి మధ్యాహ్నం ఫ్లాటుకొచ్చి ఫెయిలనే రాశాను. దానికి ఒక ఉత్తరం జోడించాను. పాత బ్యాచికి నేనిచ్చిన సర్టిఫికెట్లకి ఆధారం లేదని, వాళ్ల నోటినే పరీక్షించాను తప్ప కంటిని పరీక్షించలేదని, ఆ బ్యాచి రిసీవర్లందరినీ ప్రస్తుతానికి ఆపి మళ్లీ చూడాలని, తప్పు ఇన్‌స్ట్రక్టరుదే గనక గడువిస్తే చదవడం నేర్పుతానని రాశాను.

సూపరింటెండెంటు దాన్ని రెండుసార్లు చదివి, నీకు మతిగానీ పోయిందా అని అడిగాడు. ఇది బయటికి పొక్కితే కాంట్రాక్టే పోతుందన్నాడు. పొక్కకుండా మనుషులు పోతే ఫర్వాలేదా అన్నాను. నా నోరు ఊరుకోదు కదా! చివరికి ఆయన ఆరు వారాలు ఇచ్చాడు. ఆలోగా గంగారాం చదవలేకపోతే అతని టికెట్టుతో పాటు నాదీ తీయిస్తానన్నాడు. ఆయన మాటంటే మాటే.

అసలు దెబ్బ గంగారాం దగ్గర తగిలింది. ఆపేసిన రిసీవర్ల పేర్లు క్యాంపు నోటీసు బోర్డు మీద పెట్టారు. అతను షెడ్డుకొచ్చి, కూర్చోమన్నా కూర్చోలేదు. "నలుగుర్ల నా ఇజ్జత్ దీసిన్రు సార్. సదువస్తదని మీరే అన్నరు. సదువు రాదని గిప్పుడు మీరే అంటున్నరు. నా గ్యాంగు ముంగట ఏబీసీడీలు దిద్దాల్నా నేను?" నాకు తల కొట్టేసినట్టయింది. తప్పు నాదే గంగారాం, క్షమించు అన్నాను. వెళ్లిపోయాడు. మూడు రోజులు రాలేదు. నాలుగో సాయంత్రం వచ్చి, నా వైపు చూడకుండా చివరి బెంచీలో కూర్చున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. పైకి మాత్రం హాజరు వేసి ఊరుకున్నాను.

ఈసారి ఎక్కాలు లేవు. ముందు అక్షరాలు, తర్వాత మాటలు, ఒక్కో మాట ఒక్కో అట్టముక్క మీద రాసి. వరస గుర్తుపెట్టుకోవడానికి వీల్లేకుండా వాటిని పేకముక్కల్లా కలిపి ఇచ్చేవాణ్ని. ముందు చూడు, తర్వాతే నోరు తెరువు అనేవాణ్ని. మడ్డినూనెకి పగిలిన ఆ చేతులతో అట్టముక్కని కళ్ల దగ్గరగా పట్టుకుని గంగారాం చెమటలు కక్కేవాడు. నేర్చుకోవడం కంటే, కంఠతా వచ్చినదాన్ని ఆపుకోవడమే అతనికి కష్టమైంది. 'గ్యాస్' అన్న మాట కనబడగానే వెనకే 'టెస్ట్ డన్' దూకేది. నాలిక కరుచుకుని, "ఆగవే నోరా, జర ఆగు," అనుకునేవాడు. క్లాసంతా నవ్వేది, అతనూ నవ్వేవాడు. నాతో మాత్రం పాఠానికి మించి ఒక్క మాట లేదు. చాయ్‌కి పిలవనూ లేదు.

ఆరో వారంలో పరీక్షకి సూపరింటెండెంటు స్వయంగా వచ్చి కూర్చున్నాడు. ఫారం నేనే నింపాను. ట్యాంకు నంబరు ఒకచోట పన్నెండనీ, మరోచోట ఇరవై ఒకటనీ వేశాను. ఆయన దాన్ని తనిఖీ చేసి, అడుగున పొట్టి సంతకం పెట్టాడు. గంగారాం వేలు పెట్టాడు. ఒకప్పుడు నిమిషంలో గడగడలాడించినవాడికి ఇప్పుడు ఇరవై నిమిషాలు పట్టింది. ఒక్కో మాట దగ్గర ఆగి, కూడబలుక్కుని, వెనక్కి వెళ్లి, మళ్లీ వచ్చి. వినడానికి అంత వికారమైన ఇంగ్లీషు నా సర్వీసులో వినలేదు. సూపరింటెండెంటు వాచీ చూసుకున్నాడు. రెండో కాలమ్ మధ్యలో వేలు ఆగింది. పైకి వెళ్లింది, మళ్లీ కిందికొచ్చింది. "ట్యాంక్ నంబర్ రాంగ్ సార్. ఐ నో సైన్," అన్నాడు.

సూపరింటెండెంటు తలూపి, చాలు అన్నట్టు కాగితం కోసం చెయ్యి చాచాడు. గంగారాం ఇవ్వలేదు. ఫారం పైన మొదటి గడి మీద వేలుంచి, ఆరు వారాల్లో మొదటిసారి నా మొహంలోకి సూటిగా చూశాడు. "సార్, ఇంకోటి గూడ తప్పున్నది. గిది నిన్నటి తారీఖు. మొదలే సూసిన గానీ, మీరు రాసింది తప్పెట్లయితదని ఆగిన."

పర్మిట్ ఏ రోజుది ఆ రోజుకే చెల్లుతుంది. నిన్నటి తారీఖుంటే మిగతా గళ్లన్నీ సరిగా ఉన్నా అది చిత్తుకాగితమే. ఆ తప్పు నేను కావాలని పెట్టింది కాదు. ముందురోజు ఫారం నింపుతూ అలవాటుకొద్దీ ఆ రోజు తారీఖే వేసేశాను. పొద్దున మళ్లీ సరిచూసుకున్నాను, పైగా సూపరింటెండెంటు కూడా చూశాడు. ఇద్దరిలో ఒక్కరికీ అది కనబడలేదు. ఆయన కాగితం అందుకుని, తారీఖు చూసి, అడుగున తన సంతకం చూసుకుని, ప్యాసు గడిలో టిక్కు పెట్టాడు.

గంగారాం ఒప్పందం పొడిగించారు. పాత బ్యాచి రిసీవర్లలో ఇద్దరికి ఎంత ప్రయత్నించినా చదువు రాలేదు. ఒకరికి స్టోర్సులో పని దొరికింది, ఇంకొకరు వెనక్కి వెళ్లిపోయారు. ఆ వెళ్లినాయన విషయంలో నేను చెప్పుకోగల సమర్థన ఏమీ లేదు.

ఆ తర్వాత ఇంకా చాలా ఏళ్లు ఇదే ఉద్యోగం చేశాను. ఎవరు ఎంత గడగడా చదివినా మధ్యలో వేలు పెట్టి అడగకుండా ప్యాసు చేయలేదు. నా చేత్తో రాసిన కాగితాన్ని కూడా ఇంకొకరి చేత చదివించుకోకుండా పంపలేదు. అలవాటైన కాగితాన్ని మనం చదవం, అప్పజెప్పుకుంటాం. ఇది నాకు ఏ ట్రైనింగ్‌లోనూ ఎవరూ చెప్పలేదు. చెప్పినవాడు అప్పటికి చదవడం మొదలుపెట్టి ఆరు వారాలు.